చేయని నేరాన్ని పద్నాలుగేళ్ల పిల్లాడు ఎందుకు ఒప్పుకున్నాడు? ‘ద సెంట్రల్ పార్క్ ఫైవ్’ చూసినవాళ్లు మాట్లాడండి

ఎడిసన్_రవి
శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు, దానికోసం వాడితో కలిసి ఈ డాక్యుమెంటరీ చూశాను. 2012లో వచ్చింది. కెన్ బర్న్స్, ఆయన కూతురు సారా బర్న్స్, అల్లుడు డేవిడ్ మెక్‌మాన్ ముగ్గురూ కలిసి తీశారు. రెండు గంటలు. చూశాక నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. 1989 ఏప్రిల్ 19 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్‌కి వెళ్లిన 28 ఏళ్ల యువతిని ఎవరో అత్యాచారం చేసి, చావు దెబ్బలు కొట్టి వదిలేశారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో ఆమె కనబడింది. 12 రోజులు కోమాలో ఉంది. లేచాక ఆ రాత్రి ఏం జరిగిందో ఆమెకు ఏమీ గుర్తులేదు. అదే రాత్రి హార్లెమ్ వైపు నుంచి ముప్ఫై మందికి పైగా కుర్రాళ్లు పార్కులోకి వచ్చారు, వాళ్లలో కొందరు దారిన పోయేవాళ్ల మీద పడ్డారు. పోలీసులు వాళ్లలో దొరికినవాళ్లను పట్టుకుని, తర్వాత ఈ కేసు కూడా వాళ్ల మీదే పెట్టారు. చివరికి ఐదుగురు మిగిలారు. కెవిన్ రిచర్డ్‌సన్, రేమండ్ సంటానాలకు 14 ఏళ్లు. ఆంట్రాన్ మెక్‌క్రే, యూసఫ్ సలామ్‌లకు 15. కోరీ వైజ్‌కి 16. నలుగురు నల్లజాతి పిల్లలు, సంటానా లాటినో.

వీళ్లలో నలుగురు వీడియో కెమెరా ముందు ఒప్పుకున్నారు. ఆ వీడియోలే జైలుకి పంపాయి. 2002లో అసలు నేరస్థుడు తనంతట తాను బయటికొచ్చి ‘నేనొక్కణ్నే చేశాను’ అన్నాడు, డీఎన్ఏ సరిపోయింది. అప్పటికి వీళ్ల బాల్యం మొత్తం జైల్లో అయిపోయింది.

సినిమా సగంలో మా వాడు అడిగాడు, ‘నాన్నా, చేయకపోతే చేయలేదనే కదా చెప్పాలి?’ అని. వాడికీ పద్నాలుగే. నా దగ్గర సమాధానం లేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.

బందరు_రోడ్డు
ఆదివారం, ఉదయం 6:15

రవి గారూ, నేను నెట్‌ఫ్లిక్స్‌లో ‘వెన్ దే సీ అస్’ చూశాను, 2019లో వచ్చిన నాలుగు ఎపిసోడ్ల సిరీస్. ఇదీ అదే కేసా? అదే అయితే డాక్యుమెంటరీ వేరేగా చూడాలా?

ఎడిసన్_రవి
ఆదివారం, ఉదయం 6:50

అదే కేసు. కానీ అందులో నటులు, ఇందులో అసలు మనుషులు. ఇందులో వ్యాఖ్యానం చెప్పే గొంతు కూడా లేదు, ఆ ఐదుగురే చెప్తారు. అప్పటి వీడియో వాంగ్మూలాలు, పక్కనే ఇప్పటి ముఖాలు. మెక్‌క్రే మాత్రం తెర మీద కనబడడు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఎవరికీ తెలియని చోట కొత్త జీవితం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆ కనబడకపోవడమే నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. తప్పకుండా చూడండి.

వాస్తవం_ముఖ్యం
ఆదివారం, ఉదయం 9:05

అందరూ ఒకే వైపు వెళ్లకముందు నా మాట కూడా వినండి. ఆ రాత్రి పార్కులో దారిన పోయేవాళ్లను కొట్టిన మాట నిజం. ఒకాయన్ని స్పృహ తప్పేలా కొట్టారు. ఈ ఐదుగురూ ఆ గుంపులో ఉన్నారు. చదువుకునే పిల్లలు రాత్రి తొమ్మిదికి అలాంటి గుంపుతో ఎందుకు తిరిగారు? 2003లో న్యూయార్క్ పోలీసు శాఖ వేయించిన ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ, వీళ్లకు ఆ యువతి మీద జరిగిన దాడిలో ఎంతోకొంత భాగం ఉండే అవకాశం ఉందనే చెప్పింది. సినిమాలో పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఎవరూ మాట్లాడలేదు. ఒక పక్షం మాత్రమే విని తీర్పు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

పల్నాటి_లాయరు
ఆదివారం, ఉదయం 10:30

వాస్తవం గారూ, ప్రశ్న సరైనదే, అందుకే వివరంగా రాస్తాను. 22 ఏళ్లుగా క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తున్నాను.

ముందుగా, పోలీసులు, ప్రాసిక్యూటర్లు మాట్లాడలేదంటే సినిమావాళ్లు అడగక కాదు, అడిగితే వాళ్లు రామన్నారు. అప్పటికి ఐదుగురూ నగరం మీద వేసిన దావా నడుస్తోంది. పైగా నగరం తరఫు లాయర్లు ఈ సినిమాలో వాడకుండా వదిలేసిన ఫుటేజీ కూడా తమకివ్వాలని సమన్లు పంపారు. 2013లో కోర్టు కుదరదంది.

గుంపులో ఉండటం వేరు, అత్యాచారం చేయడం వేరు. మిగతా దాడుల్లో ఎవరి పాత్ర ఎంత అన్నది విడిగా తేల్చాల్సిన సంగతి, దానికి శిక్ష కూడా వేరు. ఈ కేసులో అసలు చూడాల్సింది టైము. ఆమె మీద దాడి జరిగిందనుకుంటున్న సమయానికి ఈ గుంపు పార్కులో వేరే చోట ఉంది, అక్కడ వాళ్లు చేసిన పనులే అందుకు సాక్ష్యం. పోలీసులు ఈ రెండు టైములనూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది.

ఇంకొకటి. ఆమె దగ్గర దొరికిన వీర్యం ఈ ఐదుగురిలో ఎవరిదీ కాదని ట్రయల్ మొదలవకముందే తేలింది. అది ఒకే మగవాడిదని కూడా. అప్పుడు ప్రాసిక్యూషన్ ఏమనాలి? కేసు మళ్లీ మొదటి నుంచి చూద్దాం అనాలి. అలా అనలేదు, దొరకకుండా పోయిన ఆరోవాడు ఉన్నాడన్నారు. ఒప్పుకోలు చేతిలో ఉంది కాబట్టి మిగతా సాక్ష్యాన్ని దానికి తగ్గట్టు కత్తిరించారు. నేను మన కోర్టుల్లో కూడా చూస్తున్నది ఇదే.

వాంగ్మూలాలు నాలుగూ చదివితే ఒకదానితో ఒకటి పొసగవు. ఎక్కడ జరిగింది, దేనితో కొట్టారు, ఆమె ఒంటి మీద ఏ బట్టలున్నాయి, ఎవరు మొదలుపెట్టారు, అన్నీ తేడా. ప్రతివాడూ ‘నేను చేయలేదు, పక్కవాడు చేశాడు, నేను చూశాను, పట్టుకున్నాను’ అనే చెప్తాడు. నేరం చేసినవాళ్లకు కనీసం చోటైనా తెలియాలి కదా.

కరీంనగర్_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 1:20

రవి అన్నా, మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. ఈ సినిమాలో సాల్ కాసిన్ అనే సైకాలజిస్టు మాట్లాడతారు, అబద్ధపు ఒప్పుకోళ్ల మీద దశాబ్దాలుగా పనిచేసిన మనిషి.

మనం వీడియోలో చూసేది చివరి అరగంటో గంటో. దానికి ముందు 14 నుంచి 30 గంటల దాకా ఆ పిల్లలు స్టేషన్‌లో ఉన్నారు. సరిగా తిండి లేదు, నిద్ర లేదు. అదంతా రికార్డు చేయలేదు. కెమెరా ఆన్ చేసేసరికి పిల్లాడికి కథ వచ్చేసింది. ఏం జరిగిందో ప్రశ్నల్లోనే వినిపిస్తూ ఉంటే ఎవరికైనా వస్తుంది.

మనం ‘నేరం ఒప్పుకున్నాడు’ అనుకుంటాం. ఆ గదిలో ఉన్న పిల్లాడి మనసులో మాత్రం ‘ఇది చెప్తే ఇంటికి పంపిస్తారు’ అనే ఉంటుంది. ఆ ఐదుగురూ సినిమాలో చెప్పేది అదే. ఒక్కొక్కరికీ, ‘నువ్వు మంచివాడివని మాకు తెలుసు, నీ పక్కవాడు నీ పేరు చెప్తున్నాడు, నువ్వు సాక్షిగా చెప్పేస్తే చాలు’ అన్నారట. వాళ్లలో కొందరికి అప్పటిదాకా ఒకరికొకరు సరిగా తెలియను కూడా తెలియదు. తెలియని పిల్లాడి పేరు చెప్పి బయటపడొచ్చు అనిపించడం పద్నాలుగేళ్లప్పుడు ఎంత సులువో ఆలోచించండి. రేపు ఏమవుతుందో లెక్క వేయడం ఆ వయసులో రాదు. ఇప్పుడీ టెన్షన్ పోతే చాలు, అంతే.

అమెరికాలో విచారణ చేసే పోలీసు అబద్ధం చెప్పొచ్చు, తెలుసా? ‘నీ వేలిముద్రలు దొరికాయి’ అని లేనిది ఉన్నట్టు చెప్పినా చెల్లుతుంది. 1969లో ఫ్రేజియర్ కేసులో సుప్రీంకోర్టు దానికి దారి ఇచ్చింది. పిల్లల విషయంలో ఇలా మోసం చేయకూడదని చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇలినాయ్, అది కూడా 2021లో.

ఎడిసన్_రవి
ఆదివారం, మధ్యాహ్నం 2:05

తల్లీ, చాలా థాంక్స్. ఇది మా వాడికి చదివి వినిపించాను.

కానీ నన్ను పట్టుకుని వదలనిది ఇంకోటి ఉంది. 16 ఏళ్లలోపు పిల్లల్ని ప్రశ్నించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మెక్‌క్రే పక్కన తండ్రి ఉన్నాడు. పోలీసులు ఆయన్ని విడిగా తీసుకెళ్లి మాట్లాడారు. తిరిగొచ్చిన తండ్రి వేరే మనిషి అయిపోయాడట. వాళ్లకేం కావాలో అది చెప్పేయ్, ఇంటికి పోదాం అన్నాడట. అప్పటిదాకా గట్టిగా ‘నేను చేయలేదు’ అన్న పిల్లాడు తండ్రి మాటకి ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటాక కూడా ఆ మాట చెప్తుంటే ఆయన గొంతు ఆగిపోతుంది.

ఆ తండ్రి మీద నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. పోలీసు స్టేషన్‌లో నా కొడుకు పక్కన నేను కూర్చుంటే ఏం చేసేవాణ్ని? వీసా మీద ఉన్న రోజుల్లో అయితే? ‘సార్, మీరు ఎలా చెప్తే అలా’ అనేవాణ్నేమో. ఈ ఆలోచనే నిద్ర పట్టనివ్వలేదు.

యూసఫ్ సలామ్ వాళ్ల అమ్మ మాత్రం వేరు. ఆమె స్టేషన్‌కి వచ్చి గట్టిగా అడ్డం పడింది, అందుకే యూసఫ్ కాగితం మీద సంతకం పెట్టలేదు, వీడియో కూడా ఇవ్వలేదు. అయినా శిక్ష పడింది.

శారద_నెల్లూరు
ఆదివారం, సాయంత్రం 5:45

ఇంతసేపూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు, సరే, వాళ్లకు జరిగింది ఘోరం. ఆమె గురించి కూడా రెండు మాటలు మాట్లాడండి. ఒంట్లో రక్తం చాలా వరకు పోయి, బతకదనుకున్న మనిషి మళ్లీ నడక, మాట నేర్చుకుంది. 1995లో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తింది. తప్పుడు కేసు వల్ల ఆమెకు కూడా న్యాయం దక్కలేదు. అసలువాడు బయటపడేసరికి ఆ నేరం మీద కేసు పెట్టే గడువు దాటిపోయింది. మతియాస్ రేయెస్‌కి ఈ నేరానికి ఒక్క రోజు కూడా శిక్ష పడలేదు. వేరే నేరాలకు అప్పటికే జీవితాంతం జైల్లో ఉన్నాడు, అంతే.

ఇంకా ఉంది. ఆ ఏప్రిల్ 17న, అంటే రెండు రోజుల ముందు, అదే పార్కులో రేయెస్ ఇంకో మహిళ మీద దాడి చేశాడు. తన మీద దాడి చేసినవాడి గడ్డం మీద కొత్త కుట్లు ఉన్నాయని ఆమె పోలీసులకు చెప్పింది. రెండు కేసులనూ ఎవరూ కలిపి చూడలేదు. ఐదుగురు పిల్లల్ని లోపల పెట్టి దొరికారన్నారు, వాడు మాత్రం ఆగస్టులో పట్టుబడేదాకా ఆ వేసవంతా బయటే తిరిగాడు. ఇంకొంత మంది ఆడవాళ్ల మీద దాడి చేశాడు. జూన్‌లో ఒక గర్భిణిని చంపాడు, ఆమె పిల్లలు పక్క గదిలో ఉండగా.

నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ‘వెంటనే ఎవరినో ఒకరిని పట్టుకోండి’ అని జనం అరిచినప్పుడల్లా నాకు ఆ గర్భిణి గుర్తొస్తుంది. తప్పుడువాణ్ని పట్టుకుంటే ఆడవాళ్లకేం రక్షణ దొరికినట్టు?

పల్నాటి_లాయరు
ఆదివారం, సాయంత్రం 6:30

శారదమ్మా, ఈ మాట ప్రతి కోర్టు హాల్లో వినిపించాలి.

బందరు_రోడ్డు
ఆదివారం, రాత్రి 8:10

ఒక సందేహం. దీన్ని జాతి వివక్ష అని ఎందుకు అంటున్నాం? పోలీసుల నిర్లక్ష్యం, తొందరపాటు అనొచ్చు కదా. తెల్లపిల్లలైతే ఇలా జరగదా?

ఎడిసన్_రవి
ఆదివారం, రాత్రి 9:25

ఈ ప్రశ్నకి సినిమా చాలాసేపు సమాధానం చెప్తుంది. అప్పటి న్యూయార్క్ ఎలా ఉందో చూపిస్తుంది. క్రాక్ కొకైన్, ఏడాదికి దాదాపు రెండు వేల హత్యలు, అందరికీ భయం. హత్యలైనవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, లాటినోలే, వాళ్ల వార్తలు లోపలి పేజీల్లో చిన్నగా వచ్చేవి. ఈ కేసులో బాధితురాలు వాల్‌స్ట్రీట్‌లో పనిచేసే తెల్లమ్మాయి. మొదటి పేజీ అంతా ఇదే. పత్రికలు ఆ పిల్లల్ని ‘తోడేళ్ల గుంపు’ అన్నాయి. ‘వైల్డింగ్’ అనే కొత్త మాట పుట్టించారు, అంటే అడవి మృగాల్లా తిరగడం అన్నట్టు. చార్జిషీటు కాకముందే మైనర్ల పేర్లు, ఇళ్ల అడ్రసులు అచ్చు వేశారు. ఆమె పేరు మాత్రం దాదాపు ఎవరూ వేయలేదు, వేయకపోవడం సరైనదే. కానీ పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ మర్యాద ఎందుకు దక్కలేదు?

మే 1న డొనాల్డ్ ట్రంప్ నాలుగు న్యూయార్క్ పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటనలు వేయించాడు, మరణశిక్ష తిరిగి తెమ్మని. అప్పుడాయన బిల్డర్. ప్రకటనలో పిల్లల పేర్లు లేవు. దాడి జరిగి రెండు వారాలు కూడా కాలేదు, ఎవరి గురించో నగరంలో అందరికీ తెలుసు.

నల్లపిల్లలు, తెల్లమ్మాయి అనేసరికి అమెరికాకి వేరే పాత కథలు గుర్తొస్తాయి. 1944లో సౌత్ కరొలైనాలో జార్జ్ స్టిన్నీ అనే 14 ఏళ్ల నల్లపిల్లాడిని ఇద్దరు తెల్ల ఆడపిల్లల హత్య కేసులో ఎలక్ట్రిక్ కుర్చీలో చంపేశారు. ఒక్క రోజులో విచారణ అయిపోయింది. ఆ శిక్షను కోర్టు 2014లో కొట్టేసింది, 70 ఏళ్లకి.

ఇంకో లెక్క చెప్తాను. 1989 నుంచి అమెరికాలో నిర్దోషులని తేలినవాళ్ల వివరాలు ఒక జాతీయ రిజిస్ట్రీలో రాస్తున్నారు. మూడు వేలు దాటారు. జనాభాలో నల్లవాళ్లు సుమారు 13 శాతం. 2022లో వేసిన లెక్క ప్రకారం ఆ జాబితాలో వాళ్లు 53 శాతం. తొందరపాటు అందరి మీదా ఒకేలా పడితే ఈ లెక్క ఇలా రాదు కదా.

ఇక్కడ ఒక మాట నా గురించి కూడా చెప్పాలి. న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ‘ఆ ఏరియాకి వెళ్లకు, అక్కడంతా నల్లోళ్లు’ అనడం చాలా మామూలు. నేనూ అన్నాను, మా వాడి ముందే అన్నాను. ఆ రోజు న్యూయార్క్‌లో ఉండి ఉంటే ఆ పేపరు చదివి ‘వీళ్లే చేసుంటారు’ అని నమ్మే మనుషుల్లో నేనూ ఉండేవాణ్ని. సినిమా చూస్తుంటే మా వాడు నా వైపు చూశాడు. ఏం మాట్లాడలేకపోయాను.

పాత_ఖాకీ
సోమవారం, ఉదయం 5:50

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. పోలీసు శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను.

మా రోజుల్లో ఒక ఊళ్లో పెద్దింట్లో బంగారం పోయింది. పై నుంచి రోజుకు నాలుగు ఫోన్లు. ఎవరిని తేవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, అందరి నోటా ఒకటే మాట, ఆ పక్క ఎరుకల కాలనీ. ఇద్దరు కుర్రాళ్లను తెచ్చాం. రెండో రాత్రికి ఒకడు ఒప్పుకున్నాడు. ఎక్కడ దాచావంటే మూడు చోట్లు చెప్పాడు, మూడు చోట్లా తవ్వించాం, ఏమీ లేదు. అప్పుడు కూడా మాకు అనుమానం రాలేదు, ‘వీడు గట్టివాడు, చోటు చెప్పడం లేదు’ అనుకున్నాం. వారానికి ఆ బంగారం పక్క టౌన్లో కుదవ పెట్టి ఉంటే దొరికింది. పెట్టింది ఆ ఇంటి మనిషే. కుర్రాళ్లను పంపేశాం. వాళ్లకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

బ్రిటిషువాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కులాలకు కులాలనే పుట్టు దొంగలని రాసేశారు. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకల, యానాది లాంటివాళ్లను అందులో చేర్చారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. 1952లో చట్టం పోయింది. స్టేషన్ మాటల్లోంచి మాత్రం పోలేదు, నేను ఉన్నంతకాలం పోలేదు.

ఆ సినిమాలో పోలీసులు రాక్షసులని నేననను. పై ఒత్తిడి ఉంటుంది, పేపరు రాస్తుంది, ‘వీళ్లే’ అని ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. ఒప్పుకున్నాక మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత ఇంకేమీ వెతకం. మా దగ్గర ఒప్పుకున్న ఆ కుర్రాడికి అప్పుడు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి.

శారద_నెల్లూరు
సోమవారం, ఉదయం 7:20

అన్నయ్య గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కారం. ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో మీకు తెలుస్తుందా?

పాత_ఖాకీ
సోమవారం, ఉదయం 7:45

ఊరు తెలుసమ్మా. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. వెళ్లి కనుక్కోవాలి.

బందరు_రోడ్డు
సోమవారం, ఉదయం 9:30

లాయరు గారూ, మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదంటారు కదా? మరి ఇక్కడ ఇలా జరగడానికి వీల్లేదా?

పల్నాటి_లాయరు
సోమవారం, ఉదయం 11:15

చట్టం మాటకొస్తే మనది ఈ విషయంలో అమెరికా కంటే గట్టిది. పాత సాక్ష్యాధార చట్టం సెక్షన్ 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద వాడకూడదు. మేజిస్ట్రేట్ ముందు స్వచ్ఛందంగా చెప్పిందే చెల్లుతుంది. పోలీసును నమ్మలేమని బ్రిటిషువాళ్లే రాసిన నియమం అది.

అయితే ఒక కిటికీ ఉంది. నిందితుడు చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. పాత సెక్షన్ 27. ఇక చూడండి, ‘నిందితుడు మమ్మల్ని ఫలానా చోటికి తీసుకెళ్లి, పొదలోంచి కత్తి తీసి ఇచ్చాడు’ అని మధ్యవర్తుల సంతకాలతో పంచనామా ప్రతి కేసులోనూ ఉంటుంది. కొన్ని నిజాలు. కొన్నిటి గురించి ఆ మధ్యవర్తుల్ని బోనులో నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు, తెలిసిపోతుంది.

తెలుగువాళ్లందరికీ గుర్తున్న కేసు చెప్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లే ‘ఇతను కాదు, అసలువాళ్లను పట్టుకోండి’ అని మొదటి నుంచీ చెప్తూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు, లక్ష రూపాయలు.

న్యూయార్క్‌లో ఆ ఐదుగురికి 2014లో నగరం 4.1 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఎక్కువ కాలం జైల్లో ఉన్న కోరీ వైజ్‌కి 1.22 కోట్లకు పైగా. మన దగ్గర తప్పుడు కేసులో ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాళ్లకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టమే లేదు. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ఇలాంటి చట్టం కావాలని సిఫార్సు చేసింది. అది అక్కడే ఉంది.

వాస్తవం_ముఖ్యం
సోమవారం, రాత్రి 10:50

సినిమా ఇప్పుడే పూర్తి చేశాను. మొదట రాసినప్పుడు చూడలేదు, కేసు గురించి చదివినదాన్ని బట్టి రాశాను.

ఆ రాత్రి కొట్టినవాళ్లు దానికి జవాబు చెప్పుకోవాలనే మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఆ దెబ్బలు తిన్నవాళ్లూ మనుషులే. ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ మాట మీద మాత్రం ఇప్పుడు నాకు నమ్మకం లేదు. పోలీసు శాఖ తన పని మీద తానే వేయించుకున్న కమిటీ అది. అటు చూస్తే, శిక్షలు కొట్టేయమని 2002లో కోర్టుకు రాసింది స్వయంగా మన్‌హటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ రాబర్ట్ మోర్గెంథా. వీళ్లకు శిక్ష వేయించిన ఆఫీసు ఆయనదే. తమ ఆఫీసు తప్పును తామే ఒప్పుకోవడం కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

జ్యూరీ సభ్యుడొకాయన సినిమాలో మాట్లాడాడు. పది రోజులు చర్చించారట. వాంగ్మూలాల్లో తేడాలున్నాయని ఆయన ఒక్కడే వాదించి వాదించి, చివరికి అలసిపోయి ఒప్పుకున్నాడట. నాకు అది భయం వేసింది. పిల్లలూ అలసిపోయి ఒప్పుకున్నారు, ఆయనా అలసిపోయే ఒప్పుకున్నాడు.

కోరీ వైజ్ సంగతి మొదట నాకు తెలియదు. పోలీసుల దగ్గరున్న పేర్లలో అతని పేరే లేదు. స్నేహితుడు యూసఫ్‌ని తీసుకెళ్తుంటే తోడుగా వెళ్లాడు. పదహారు నిండాయి కాబట్టి పక్కన పెద్దవాళ్లు అక్కర్లేదన్నారు, పెద్దవాళ్ల జైలుకే పంపారు. చెవులు సరిగా వినబడవు. మిగతావాళ్లు ఆరేడేళ్లకు బయటికొస్తే అతను దాదాపు పదమూడేళ్లు ఉన్నాడు. జైల్లో రేయెస్ కలిసింది కూడా అతన్నే. వైజ్‌ని అక్కడ చూశాకే రేయెస్ నోరు విప్పాడు. లేకపోతే ఈ సినిమాయే ఉండేది కాదు.

కరీంనగర్_పిల్ల
మంగళవారం, ఉదయం 8:00

వాస్తవం గారూ, మీరు మళ్లీ వచ్చి రాయడం బాగుంది. ఇంకో విషయం కూడా కలుపుతాను. పెరోల్ బోర్డు ముందు ‘తప్పు చేశాను, పశ్చాత్తాపపడుతున్నాను’ అంటే ముందే వదిలేసే అవకాశం ఉంటుంది. వీళ్లు అనలేదు. స్టేషన్‌లో ఒక రాత్రి ఇంటికి వెళ్లాలని అబద్ధం చెప్పిన పిల్లలు, తర్వాత ఇంటికి వెళ్లే దారి తెరిచి ఉన్నా ఆ అబద్ధం మళ్లీ చెప్పలేదు. ఆ గదిలో వాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

2018 నుంచి న్యూయార్క్‌లో పెద్ద నేరాల్లో విచారణ మొత్తం వీడియో తీయాలని చట్టం వచ్చింది. మన దగ్గర కూడా విచారణ గదులతో సహా ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊరి స్టేషన్‌లో ఉన్నాయేమో ఎవరైనా చూశారా?

బందరు_రోడ్డు
మంగళవారం, ఉదయం 9:10

మా దగ్గర స్టేషన్ గుమ్మం మీద ఒకటి కనబడుతుంది. లోపల గదుల్లో చూడలేదు. సినిమా ఈ ఆదివారం మా ఇంట్లో అందరం చూస్తాం. మా అన్నయ్య కొడుకు డిగ్రీలో లా తీసుకుంటానంటున్నాడు, వాణ్నీ పిలిచాను.

ఎడిసన్_రవి
బుధవారం, రాత్రి 11:15

అందరికీ కృతజ్ఞతలు. మా వాడి ప్రాజెక్టు అయిపోయింది. యూసఫ్ సలామ్ 2023లో న్యూయార్క్ సిటీ కౌన్సిల్‌కి హార్లెమ్ నుంచే గెలిచాడన్న మాటతో ముగించాడు. శారద గారు చెప్పిన ఏప్రిల్ 17 సంగతి కూడా రాశాడు, వాళ్ల టీచరు అదెక్కడ తెలిసిందని అడిగిందట.

నిన్న రాత్రి నేనూ మా ఆవిడా వాణ్ని కూర్చోబెట్టి ఒక మాట నేర్పాం. పోలీసు ఎప్పుడైనా ఆపితే మర్యాదగా ఉండు, పేరు చెప్పు, తర్వాత ‘మా అమ్మానాన్నలను పిలవండి, నాకు లాయరు కావాలి’ అను, ఇంకేమీ మాట్లాడకు, ఎంతసేపైనా సరే. వాడు రెండుసార్లు అని చూపించాడు. తర్వాత, ‘నువ్వొచ్చాక వాళ్లు నిన్ను పక్కకు తీసుకెళ్తే?’ అని అడిగాడు.

‘వెళ్లను’ అన్నాను.

ఈ శనివారం పార్కుకి వెళ్తున్నాం. ఉత్తరం వైపు, హార్లెమ్ దగ్గర, ఆ ఐదుగురి గుర్తుగా 2022 డిసెంబరు 19న ఒక గేటుకి పేరు పెట్టారు, వాళ్ల శిక్షలు కొట్టేసి సరిగ్గా ఇరవై ఏళ్లైన రోజున. మా వాడు అక్కడ ఫోటో తీసుకుంటానన్నాడు. పాత ఖాకీ గారూ, మీరు ఆ ఊరికి వెళ్తే ఇక్కడ రాయండి.

పాత_ఖాకీ
గురువారం, ఉదయం 5:30

వచ్చే వారం వెళ్తున్నాను.